గొయ్యి సంగతి

ఫిబ్రవరి 9

అక్కకి,

ఇక్కడ మేమంతా బాగానే ఉన్నాం. అక్కడ నువ్వు ఎవరో ఒకరితో పోట్లాడుతూ ఉంటావు కాబట్టి నువ్వూ బాగానే ఉండి ఉంటావు.

ఫోన్ మానేసి ఉత్తరం ఎందుకు రాస్తున్నానంటే, మొన్న మనిద్దరం గంటా నలభై నిమిషాలు ఫోన్లో అరుచుకున్నాక నీ మరదలు తీర్పు చెప్పింది. ఇకమీదట అక్కాతమ్ముళ్లు ఏదైనా కాగితం మీదే తేల్చుకోవాలట. కాగితం మీదైతే ఎదుటి మనిషి వాక్యం పూర్తయ్యేదాకా ఆగక తప్పదట. పళ్ల డాక్టరు కదా, రోజంతా ఆవిడ ఎదుట అందరూ నోరు తెరుచుకునే ఉంటారు, ఒక్కరూ మాట్లాడరు. ఇంటికొస్తే ఆ సౌకర్యం లేదని ఆవిడ బాధ.

అసలు విషయానికి వస్తాను. కొత్తింటి వెనక పెరడు ఖాళీగా పడి ఉంది. కవలలకి మూడేళ్లు నిండాయి. నువ్వు పెట్టిన ముద్దుపేర్లే స్థిరపడిపోయాయి, పెద్దది గోల, చిన్నది మౌని. ఎండలు ముదిరేలోపు వాళ్లకి పెరట్లో చిన్న ఈతకొలను పెట్టిద్దామని ఉంది. మూడు రకాలు చూశాను. ఒకటి గాలి ఊది నిలబెట్టే రబ్బరుది. రెండోది నేలమీద నిలబెట్టే పెద్ద తొట్టిలాంటిది, నిచ్చెన వేసుకుని ఎక్కాలి. మూడోది గొయ్యి తవ్వి అందులో దించే ఫైబర్ కొలను. నా మనసు మూడోదాని మీద ఉంది. మొత్తం కలిపి మూడడుగుల లోతే. క్యాటలాగు జతచేశాను. నువ్వు పాతికేళ్లుగా మునిసిపాలిటీ కొలనులో పిల్లలకి ఈత నేర్పుతున్నావు. ఏది క్షేమమో ఒక్క ముక్కలో చెప్పు చాలు.

నీకు కాక ఇంకెవరికి రాస్తాను. మూడేళ్లప్పుడు నన్ను నీళ్లతొట్టిలోంచి పైకి లాగిన చెయ్యి నీది. నీళ్ల విషయంలో నీ మాటే నాకు ఖాయం.

గోల నీకు ముద్దులు పంపింది. మౌని ఏమీ అనలేదు, ఎప్పటిలాగే.

తమ్ముడు


ఫిబ్రవరి 16

ఒరేయ్,

ఒక్క ముక్కలో చెప్పమన్నావు. వద్దు. అదీ ఆ ముక్క. మిగతా కాగితమంతా ఎందుకు వద్దో చెప్పడానికి.

ముందు నీ క్యాటలాగు. అందులో పదకొండు బొమ్మలున్నాయి, లెక్కపెట్టాను. పదకొండింటిలోనూ పిల్లలు నీళ్లలో ఉన్నారు. పదకొండింటిలోనూ పెద్దవాళ్లు నల్లకళ్లద్దాలు పెట్టుకుని ఇంకెటో చూస్తున్నారు. ఒకాయన పేపరు చదువుతున్నాడు. ఒకావిడ గోళ్లకి రంగు వేసుకుంటోంది. ఏడో పేజీలో ఒక జంట ఒకరినొకరు చూసుకుంటున్నారు, బహుశా ఆ పిల్లలు ఎలా పుట్టారో గుర్తు చేసుకుంటూ. నీళ్లవైపు చూస్తున్నది ఒక్క కుక్క. ఆ కంపెనీ మొత్తంలో పిల్లల క్షేమం గురించి ఏమైనా తెలిసినది ఉంటే ఆ కుక్కే.

మూడడుగులే అని రాశావు. మూడడుగుల ఎత్తున్న పిల్లకి మూడడుగుల నీళ్లు తక్కువెలా అవుతాయో చెప్పు. గాలి ఊదేది ఇంకా మోసం. దాని అంచు మెత్తన, పిల్ల వాలితే తనే లోపలికి వంగి మర్యాదగా దింపేస్తుంది. చేతులకి తొడిగే రబ్బరు సంచులు ఉన్నాయిగా అంటావేమో. అవి పిల్లకి కాదు, తండ్రి కంటికి తొడిగే గంతలు. ఇంకో మాట విను. మునిగేవాళ్లు చేతులూపి కేకలు వేస్తారని సినిమావాళ్లు జనానికి నేర్పారు. కేక వెయ్యడానికి ఊపిరి కావాలి. నేను నీళ్లలోంచి తీసిన పిల్లల్లో ఒక్కరు కూడా చప్పుడు చెయ్యలేదు.

ఇక అసలు రోగం. మా కొలనుకి మరమ్మతులని చెప్పి తాళం వేసి రెండు నెలలైంది. మరమ్మతు చేసే మనిషి ఒక్కడు రాలేదు. దాన్ని పూడ్చి కార్లు నిలిపే స్థలం చేస్తారని ఆఫీసులో గుమస్తాలకి కూడా తెలుసు. వెయ్యిమంది పిల్లలకి ఉన్న ఒక్క కొలనుకి తాళం వేస్తారు. తర్వాత స్తోమత ఉన్న ప్రతివాడూ తన పెరట్లో తన గొయ్యి తవ్వుకుంటాడు, కాపలా మనిషి లేకుండా. ఏదైనా జరిగితే మర్నాడు పేపర్లో తల్లి నిర్లక్ష్యం అని పడుతుంది. ఆ సమయానికి తండ్రి ఎక్కడున్నాడని ఇంతవరకు ఒక్క విలేకరి అడిగిన పాపాన పోలేదు. నా సొంత తమ్ముడు ఆ వరసలో నిలబడి క్యాటలాగు తిరగేస్తున్నాడంటే నాకు సిగ్గుగా ఉంది.

ఆ తొట్టి సంగతి ఇంకోసారి ఎత్తకు. ప్రతి మాటకీ దాన్ని తోకలా తగిలించడం మానెయ్.

పిల్లల బుగ్గలు గిల్లు. నీది కూడా.

అక్క


ఫిబ్రవరి 25

అక్కకి,

నీ ఉత్తరం అందింది. ఇరుగుపొరుగుకి కూడా అందినట్టే, ఎందుకంటే నేను పైకి చదివాను.

నేను ఎవరి కొలనుకీ తాళం వెయ్యలేదు. నేను లిఫ్టులు బాగుచేసేవాణ్ని. నా పెరట్లో నా పిల్లలు నీళ్లలో ఆడుకుంటే సమాజం ఎక్కడ కూలిపోతుందో నాకు అర్థం కాలేదు. మీ కొలను కోసం నువ్వు ధర్నా చెయ్యి, నేనూ సంతకం పెడతాను. ఈలోపు నా పిల్లలు ఎండలో మాడుతూ విప్లవం కోసం ఎదురు చూడాలా?

క్షేమం గురించి నాకు పాఠాలు చెప్పకు. తలుపు పూర్తిగా పడితే తప్ప కదలని యంత్రాలతో ఇరవై రెండేళ్లుగా బతుకుతున్నాను. ఫైబర్ కొలనే ఖాయం చేశాను. మూడు పక్కల నిలువు ఊచల కంచె వస్తుంది, అడ్డ ఊచలు ఉండవు, ఎక్కడానికి కాలు ఆనదు. నాలుగో పక్క ఇంటి గోడే ఉంది, గాజు తలుపుతో. సోమవారం నుంచి తవ్వకం మొదలైంది. మనుషులు మంచి పనివాళ్లు, మూడు రోజుల్లో నడుములోతు దించేశారు.

తొట్టి మాట ఎత్తొద్దన్నావు. ఎందుకంత మొహమాటం నీకు? మంచి పని చేసిన మనిషి ఒప్పుకోవడానికి ఇబ్బంది పడటం నీ ఒక్కదాని దగ్గరే చూశాను. చెడ్డ పనులు చేసినవాళ్లయితే ఫ్లెక్సీలు కట్టించుకుంటున్నారు.

తమ్ముడు

తాజాకలం: వదినా, ఇది నేను రాస్తున్నాను. కొలను సంగతి తర్వాత. పెరట్లో గొయ్యి ఉంది, దాని చుట్టూ ఏమీ లేదు. ముందు గొయ్యి సంగతి చూడండి. — మీ మరదలు


మార్చి 4

ఒరేయ్,

ఇంటి గోడ కంచె కాదు. ఈ వాక్యం నీ గాజు తలుపు మీద రాసి అంటించు.

పిల్లలు వీధిలోంచి రారు, ఇంట్లోంచే వస్తారు. ఆ తలుపు రోజుకి ఎన్నిసార్లు తెరుస్తారు? బట్టలు ఆరెయ్యడానికి, చెత్త పారెయ్యడానికి, సిగరెట్టు మానేశానని చెప్పి వెనక్కి వెళ్లి కాల్చడానికి. అన్నిసార్లూ గడియ పెడతావా? నాలుగు పక్కలా కంచె ఉండాలి, గేటు బయటికే తెరుచుకోవాలి, వదిలేస్తే దానంతట అదే పడి గడియ వేసుకోవాలి. మూడు పక్కల కంచె వెయ్యడం ఎలాంటిదో నీ భాషలో చెప్తాను. లిఫ్టుకి మూడు గోడలు కట్టి, నాలుగో పక్క బాగానే చూసుకుంటాంలే అనడం.

మరదలు కూడా చుట్టూ ఏమీ లేదని రాసిందంటే తనకి ఈ కంచె సంగతి నీకంటే బాగా అర్థమైనట్టు. ఆ ఇంట్లో ఒక్కరికైనా బుర్ర ఉన్నందుకు సంతోషం. కాబట్టి నా మాట విని తవ్వకం ఆపించు. నాలుగో పక్క తేలేదాకా ఒక్క గంప మట్టి కూడా పైకి రాకూడదు.

ఇక్కడ మేం కమిటీ వేశాం. పదకొండు మందిమి, పద్నాలుగు అభిప్రాయాలు. నన్ను కార్యదర్శిని చేశారు, అరిచే పని ఎక్కువ ఉంటుందని.

దీంతోపాటు చిన్న పొట్లం పంపుతున్నాను. పారెయ్యకు. అదేమిటో తీరిగ్గా రాస్తాను.

అక్క


మార్చి 15

అక్కకి,

ఆపేశాను. చాలా? పనివాళ్లు వేరే చోటికి వెళ్లిపోయారు, మళ్లీ ఎప్పుడొస్తారో వాళ్లకే తెలియాలి. నాకు ప్రాణం పోసిన మనిషి ఆపమంది కాబట్టి ఆపాను, నీ వాదన నెగ్గిందని కాదు. అది గమనించు. గొయ్యి మీద టార్పాలిన్ కప్పి చుట్టూ ఇటుకలు పెట్టాను. నాలుగో పక్క గురించి బొమ్మలు గీస్తున్నాను. ఇప్పటికి ఆరు అయ్యాయి. నీ అభ్యంతరాలు ఒక్కొక్కటిగా రాయి, నేనూ ఒక్కొక్కటిగా తోసిపుచ్చుతాను.

నీ పొట్లం విప్పితే ఈల బయటపడింది. ఇత్తడిది, ఎర్ర తాడుతో. గోల చూసి ఎగిరి గంతేసింది. అప్పటి నుంచి దాని మెడలోనే ఉంది. పొద్దున లేస్తే ఈల, అన్నానికి ఈల, స్నానానికి ఈల, మౌని జుట్టు లాగే ముందు హెచ్చరికగా ఒక ఈల. పక్కింటి ముసలాయన చెవిమిషను తీసి డ్రాయరులో పెట్టేసుకున్నాడట. మా మీద పగ ఉంటే వేరే రకంగా తీర్చుకోవాల్సింది అని నీ మరదలు చెప్పమంది.

కవలలు ఒకేలా ఉంటారంటారు కానీ, రెండో పిల్ల ఇంట్లో ఉందో లేదో వెతుక్కోవాలి. నిన్న మౌని బల్ల కింద గంటసేపు కూర్చుని నా బూట్లకి లేసులన్నీ విప్పేసింది. ఎవరికీ వినపడలేదు.

తమ్ముడు

తాజాకలం: వదినా, మొన్న వాన పడింది. నేను తవ్వమనీ అనడం లేదు, ఆపమనీ అనడం లేదు. గొయ్యి పూడ్చమంటున్నాను. — మీ మరదలు


మార్చి 22

ఒరేయ్ తమ్ముడూ,

ఈ ఉత్తరం నిలబడి చదువు. నీ సొంత భార్య గొయ్యి పూడ్చమంది. అంటే కొలనే వద్దంటోంది. అంటే మొదటి రోజు నుంచి నేను చెప్తున్నదే చెప్తోంది. నీ ఇంట్లోనే నీకు మెజారిటీ పోయింది, ఇక రాజీనామా చెయ్యి. నేను నెగ్గాను. ఇది నేను అహంకారంతో అనడం లేదు, రికార్డు కోసం అంటున్నాను.

ఆ ఈల గురించి. దాన్ని పిల్లకిచ్చావా, దౌర్భాగ్యుడా. అది ఆటవస్తువు కాదు. మా కొలనులో పాతికేళ్లుగా ఒక పద్ధతి ఉంది. ఈల ఎవరి మెడలో ఉంటే వాళ్లు నీళ్లు చూస్తారు. నీళ్లు తప్ప ఇంకేమీ చెయ్యరు. మాట్లాడరు, చదవరు, ఫోను తీయరు, ఎవరైనా పలకరించినా తల తిప్పరు. లేవాల్సి వస్తే ఈల తీసి ఇంకొకరి మెడలో వేసి నీళ్లు నీవి అంటారు. అవతలి మనిషి నీళ్లు నావి అనాలి. అనకపోతే లేవకూడదు. పెద్దవాళ్లు నలుగురుంటే పిల్ల క్షేమంగా ఉంటుందనుకుంటారు జనం. నలుగురున్న చోటే ప్రమాదం. ప్రతివాడూ మిగతా ముగ్గురు చూస్తున్నారనుకుంటాడు. అందుకే ఈల. కొలను ఫైబరా రబ్బరా అనేది తర్వాత, నీళ్లు ఎవరివి అనేది ముందు.

ఆ పద్ధతి పెట్టింది నేనే. నవ్వకు, కానీ నేను మాత్రం ఈల పట్టుకునే వంతు పెద్దగా తీసుకోను. మాట్లాడకుండా గంట కూర్చోవడం నావల్ల కాదని మా వాళ్లందరికీ తెలుసు. నన్ను నీళ్లలో దింపి నేర్పే పని ఇచ్చారు. అక్కడ అరవచ్చు.

నిన్న కొలను గేటు ముందు కూర్చున్నాం. నలభై మంది పిల్లలు తువ్వాళ్లు భుజాన వేసుకుని వచ్చారు. ఇంజనీరు వచ్చి, ఎండగా ఉంది ఇళ్లకి వెళ్లండి అన్నాడు. అందుకే వచ్చాం, లోపల నీళ్లున్నాయి అన్నాను.

నెగ్గిన అక్క


మార్చి 29

అక్కకి,

నువ్వు నెగ్గావని రాశావు కాబట్టి గొయ్యి పూడ్చను. మామూలుగా అయితే పూడ్చేవాణ్నేమో. ఇప్పుడు అది నా పౌరుషం సంగతి. అది అక్కడే ఉంటుంది, దానిలోకి కొలను దిగుతుంది, నువ్వొచ్చి రిబ్బను కత్తిరిస్తావు.

ఈరోజు ఆదివారం. పెరట్లో కుర్చీ వేసుకుని తీరిగ్గా నీకు జవాబు రాస్తున్నాను. రాత్రి వాన పడి గాలి చల్లగా ఉంది. పిల్లలు ఇక్కడే ఆడుకుంటున్నారు. నీ ఈల పద్ధతి బాగానే ఉంది కానీ, ఇప్పుడు దాన్ని గోల మెడలోంచి తియ్యాలంటే పోలీసులు కావాలి.

ఇక నాలుగో పక్క. ఇంటి గోడకి నాలుగడుగుల ఇవతల ఇంకో కంచె వెయ్యచ్చు, ఒప్పుకున్నాను. ఇది ఓటమి కాదు, సవరణ. మిగిలింది గేటు గడియ. కంచె నాలుగడుగులు కాబట్టి గడియ కూడా నాలుగడుగుల మీద చాలదా? కంచె పైనుంచి చెయ్యి పెట్టి లాగుతారని నువ్వు అంటావు, అందుకని ఐదడుగుల స్తంభానికి బిగించమంటావు. మా లిఫ్టుల్లో దీనికి వేరే ఉపాయం ఉంది, గడియకి రెండు కదలికలు పెడతాం, నొక్కి తిప్పాలి. ఈ పిల్ల ఈల ఆపదు, చెవులు చిల్లులు పడుతున్నాయి, రోజూ కంటే ఈరోజు మరీ గట్టిగా ఊదుతోంది. సరే, గడియ సంగతి. నువ్వు చెప్పిన ఎత్తుకే నా రెండు కదలికల గడియ బిగిస్తే, నేను చెప్పేదేమిటంటే


ఏప్రిల్ 2

పైన వాక్యం పూర్తి చెయ్యను.

అక్కా, మౌని గొయ్యిలో పడింది. బతికింది. ముందు అది చదివి తర్వాత మిగతాది చదువు. ఇంట్లోనే ఉంది, పడుకుంది, బాగుంది.

వాననీళ్లు టార్పాలిన్ మధ్యలో గుంటకట్టాయి. దాన్ని చూడ్డానికి ఇటుకలు దాటి అడుగు వేసి ఉంటుంది. గుడ్డ జారింది, ఇటుకలు జారాయి. కింద అప్పటికే మన మోకాలిలోతు నీళ్లు చేరి ఉన్నాయి. నేను చూడనే లేదు. నేను అక్కడికి పది అడుగుల్లో కూర్చుని గడియ ఎంత ఎత్తున ఉండాలో నీకు రాస్తున్నాను.

గోల గొయ్యి అంచున నిలబడి ఈల ఊదింది. ఎంతసేపు ఊదిందో తెలియదు. రెండు వారాలుగా మోగుతున్న ఈల అది, నేను వినడం మానేశాను. నీ మరదలు కూడా వినలేదు. ఆవిడ వంటింటి కిటికీలోంచి చూస్తే గోల ఒక్కతే కనపడిందట. కవలల తల్లికి ఒక్కతే కనపడటం చాలు.

నా పక్కనుంచే పరిగెత్తింది. నేను రాస్తున్న బల్ల ఆవిడకి తగిలి బోర్లాపడింది. అప్పటికీ నాకు తెలియలేదు. నేను ఏమన్నానో తెలుసా? కాగితాలు అన్నాను. ఎగిరిపోతున్నాయని. పైన చెప్పుల గుర్తు ఉంది చూడు, అది ఆవిడదే.

చీరతో సహా దూకింది. పిల్లని పైకి తెచ్చి బోర్లా వేసి, వెల్లకిలా వేసి, ఊపిరి ఊదింది. ఎన్నిసార్లో నేను లెక్కపెట్టలేదు, నిలబడి ఉన్నాను అంతే. తర్వాత దగ్గు వచ్చింది. ఆసుపత్రిలో రెండు రోజులు ఉంచుకున్నారు. ఊపిరితిత్తులు బాగున్నాయన్నారు. ఇంటికి రాగానే బిస్కెట్టు అడిగింది.

నీ మరదలు నన్ను తప్పించుకుని పనులు చేసుకుంటోంది. అరిస్తే బాగుండును. ఈ కాగితం ఆవిడ ముందు పెట్టి, తాజాకలం రాస్తావా అని అడిగాను. రాసినవి చదివారా అంది.

తమ్ముడు


ఏప్రిల్ 5

తమ్ముడూ,

నీ ఉత్తరం నిన్న అందింది. రైలు టికెట్టు కొనుక్కుని స్టేషనుదాకా వెళ్లి వెనక్కి వచ్చాను. ఏ మొహం పెట్టుకుని మరదలి ఎదుట నిలబడాలో తెలియలేదు. తవ్వకం ఆపించింది నేను. పూడ్చమంటే నా గెలుపుగా రాసుకున్నది నేను. రెండు వాక్యాలు రాసింది ఆ పిల్ల, తేట తెలుగులో. ఇద్దరం చదవడం వచ్చినవాళ్లమే. నువ్వు పది అడుగుల్లో ఉండి చూడలేదు, నేను పది గంటల ప్రయాణం అవతల ఉండి చూడలేదు, అంతే తేడా.

ఇప్పుడు తొట్టి సంగతి నేనే ఎత్తుతాను.

నిన్ను తొట్టిలోంచి లాగింది నేను కాదు.

నాకు తొమ్మిదేళ్లు. అమ్మ బయటికెళ్తూ నిన్ను నాకు అప్పగించింది. నేను పక్కింటి పిల్లతో పోట్లాడుతున్నాను. భూమి గుండ్రంగా ఉంటే కిందవైపు ఉన్నవాళ్లు ఎందుకు జారిపోరు అని అది అడిగింది, నేను జవాబు చెప్తున్నాను. బాగా చెప్తున్నాను, అది దాదాపు ఒప్పుకుంది కూడా. నువ్వు ఎప్పుడు తొట్టి దగ్గరికి వెళ్లావో నాకు తెలియదు. చప్పుడు లేదు. మన ఇంట్లో బట్టలు ఉతకడానికి ఒకావిడ వచ్చేది, నీకు గుర్తుండదు. సబ్బు మర్చిపోయి వెనక్కి వచ్చింది. ఆవిడ నిన్ను కాలు పట్టుకుని పైకి లాగి తలకిందులుగా ఎత్తి వీపు మీద చరిచింది. నువ్వు ఏడిచాక నిన్ను నా చేతుల్లో పెట్టి తువ్వాలు తేవడానికి లోపలికెళ్లింది. అప్పుడు అమ్మ వచ్చింది. తడిసిన నువ్వు, నిన్ను ఎత్తుకున్న నేను. అమ్మ అదే చూసింది. నా బంగారుతల్లి తమ్ముణ్ని కాపాడింది అంది. తువ్వాలుతో బయటికొచ్చిన ఆవిణ్ని చూసి, తొట్టి నిండా నీళ్లు వదిలేసి ఎవడు పొమ్మన్నాడు నిన్ను అని తిట్టింది. ఆవిడ నావైపు చూసింది. నేను చెప్తానని చూసింది.

నేను చెప్పలేదు.

మర్నాటి నుంచి ఆవిణ్ని పనిలోకి రావద్దన్నారు. పెద్దయ్యాక వెతికాను. ఆ వీధే లేదు ఇప్పుడు. నోరు విప్పాల్సిన ఆ ఒక్క రోజు నోరు మూసుకున్నాను, ఆ తర్వాత నలభై ఏళ్లుగా ఆగకుండా మాట్లాడుతున్నాను. కష్టం ఒకరిది పేరు ఇంకొకరిదా అని మైకుల్లో గొంతు చించుకుంటాను. కింద చప్పట్లు కొడతారు. ఈతకొలనులో ఉద్యోగం ఎందుకు తీసుకున్నావని ఎవరైనా అడిగితే నీళ్లంటే ఇష్టమని చెప్తాను.

ఇది చదివి మరదలికి ఇవ్వు. తను ఏమంటే అది.

అక్క


ఏప్రిల్ 14

అక్కకి,

మూడు రోజులు నీ మీద కోపంగా ఉన్నాను. నాలుగో రోజు కోపాన్ని కాగితం మీద వరసగా రాసుకున్నాను. గాలొచ్చే గది నీకు. బస్సులో కిటికీ పక్క సీటు నీకు. నాకు పదకొండేళ్లప్పుడు కొన్న సైకిలు ఏడాది తిరక్కుండా నీకు, కాలేజీ దూరమని. నువ్వు అడగలేదు, నిజమే. అమ్మ ఇప్పించింది, తమ్ముణ్ని కాపాడిన పిల్ల అని. నువ్వు వద్దనలేదు. నా సైకిలు నాకు కావాలి. తుప్పుపట్టి ఉన్నా ఫర్వాలేదు.

ఐదో రోజు ఇంకోటి తోచింది. నన్ను కాపాడిన మనిషికి నేను ఇంతవరకు ఒక్క నమస్కారం పెట్టలేదు. ఇక పెట్టలేను కూడా. దీని మీద కోపం ఎవరి పేరున రాయాలో తెలియక అక్కడితో ఆపేశాను.

నీ మరదలు నీ ఉత్తరం రెండుసార్లు చదివింది. చివరికి, ఆవిడ నన్ను అర్థం చేసుకుని ఉండేది అంది. ఎవరు అన్నాను. బట్టలుతికే ఆవిడ అంది.

ఇప్పుడు ఇల్లు ఆవిడ చేతిలోకి పోయింది. నీ మాటా లేదు, నా మాటా లేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే గొయ్యి పూడ్చింది. నేనూ పార పట్టాను. ఫైబర్ కొలను వద్దని వెనక్కి పంపేసింది. పెట్టేది రెండో రకం, నేలమీద నిలబడేది, పని కాగానే నిచ్చెన తీసి లోపల తాళం వేసుకునేది. కానీ ముందు కంచె. నాలుగు పక్కలా. కంచె లోపల నెల రోజులు ఏమీ ఉండకూడదట, గడ్డి తప్ప. గేటు ఎవరు వేస్తారో, ఎవరు ఇటుక అడ్డం పెట్టి తెరిచి ఉంచుతారో నీళ్లు రాకముందే తెలియాలట. కంచె వేసినవాళ్లు, గడ్డికి ఇంత కాపలా ఏమిటమ్మా, ఎవరు ఎత్తుకుపోతారు అని నవ్వారు. మొదటి వారం ఇటుక పెట్టినవాడు ఒక్కడే. నేనే.

చివరి షరతు నీ గురించి. నువ్వు వచ్చి ఆ గడ్డి మీద ఈల మెడలో వేసుకుని ఒక గంట మాట్లాడకుండా కూర్చోవాలి. కూర్చోగలిగితే కొలను వస్తుంది. లేకపోతే లేదు. ఎందుకలాగా అంటే, ఆవిడ కూర్చోగలిగితే ఎవరైనా కూర్చోగలరు అంది.

తమ్ముడు


ఏప్రిల్ 21

ఒరేయ్,

మే నెల రెండో ఆదివారం వస్తున్నాను. చేతులున్న కుర్చీ వెయ్యి, నడుం నొప్పి. సైకిలు ఇవ్వను, అది మా కమిటీ జెండాలు మోస్తోంది.

మరదలికి నేను క్షమాపణ రాయబోయి ఆరు పేజీలయింది. చించేశాను. వచ్చి కూర్చుంటాను.

అక్క


మే 14

అక్కకి,

నువ్వు చూసింది గడ్డి ఒక్కటే కాబట్టి, నువ్వు చూడనివి రాస్తున్నాను.

నీ మరదలు గోల మెడలోంచి ఈల తీసి నీకు వేసి, గడ్డి మీది వదినా అంది. నువ్వు గడ్డి నాది అన్నావు. పక్కింటి ముసలాయన చెవిమిషను పెట్టుకుని మరీ గోడ మీంచి చూశాడు. నువ్వు పది నిమిషాలకే నోరు తెరుస్తావని నేను పందెం కాశాను. పదిహేను నిమిషాలయింది. గోల నీ ఒళ్లోకి ఎక్కి, అత్తా అత్తా భూమి గుండ్రంగా ఉంటుందా అని అడిగింది. నేను నేర్పలేదు, ఒట్టు. నువ్వు దాని జుట్టు సవరించి పక్కకి దింపావు, కళ్లు తిప్పలేదు.

అరగంటకి నేను ఇక ఆగలేక కంచె అవతల కుర్చీ వేసుకుని, పేపర్లో పడ్డ మీ మునిసిపాలిటీ ప్రకటన పైకి చదివాను. కొలను పూడ్చడం పిల్లల భద్రత కోసమేనని కమిషనరు అన్న మాటని రెండుసార్లు చదివాను. నీ మెడ మీద నరం లేచింది. చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ చెయ్యి పట్టుకున్న నీ వేళ్లు తెల్లబడ్డాయి. నోరు విప్పలేదు. నాకు భయం వేసి పేపరు మడిచేశాను.

ఆ తర్వాతది నీకు తెలుసో లేదో. మౌని పువ్వేదో కోస్తూ కోస్తూ నీ వెనక్కి వెళ్లింది. నేను దాన్నే చూస్తున్నాను, అయినా అడుగుల చప్పుడు నాకు వినపడలేదు. నువ్వు కుర్చీతో సహా దానివైపు తిరిగావు. నాతో పాటు నీ మరదలు కూడా కిటికీలోంచి అది చూసింది. గంట అయిపోయినా ఆవిడ వెంటనే రాలేదు, గమనించావా? ఇంకో పది నిమిషాలు అక్కడే నిలబడి, తర్వాత వచ్చింది.

నువ్వు వెళ్తున్నప్పుడు స్టేషనులో నలభై నిమిషాలు ఆగకుండా కమిషనర్ని తిట్టావు. రైలు కదిలాక కూడా కిటికీలోంచి తిట్టావు. ప్రాణం కుదుటపడింది.

కంచె గేటు నెల రోజులుగా దానంతట అదే పడుతోంది. గడియ ఐదడుగుల స్తంభానికే బిగించాను, రెండు కదలికలతో. ఎవరు నెగ్గారో రాయను.

తమ్ముడు

తాజాకలం: వదినా, వచ్చే సోమవారం కొలను నిలబెట్టి నింపుతున్నారు. ఈల మేకుకి తగిలించి ఉంది, పిల్లలకి అందదు. మీరొచ్చేదాకా ఎవరినీ దింపను. మొదటి గంట, నీళ్లు మీవి. — మీ మరదలు